పాలు పొంగిన తరువాత: ఎలక్ట్రానిక్ సిటీలో తెలుగువారి కొత్త వంటిల్లు

కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించటంతో గృహప్రవేశం పూర్తయినట్లే. కాని ఇల్లు కుదుటపడిందన్న నమ్మకం ఇంటివారికి ఆ రోజున కలగదు. ఊరి నుండి వచ్చిన తల్లిదండ్రులు, పక్క ఫ్లాటువారు, కార్యాలయ మిత్రులు ఒకే పంక్తిలో కూర్చొని తృప్తిగా భోజనం చేసి లేచిననాడు కలుగుతుంది. అవిభక్త చిత్తూరు, అనంతపురం జిల్లాల నుండి, ఇటు హోసూరు, కోలారు ప్రాంతాల నుండి బెంగళూరుకు కాపురం మార్చుకొనే తెలుగు కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. వీరిలో చాలామంది చేరుకొనేది హోసూరు రోడ్డు మీది ఎలక్ట్రానిక్ సిటీకే. పాలు పొంగిన రోజుకు, పది మందికి ధైర్యంగా భోజనం పెట్టగలిగిన రోజుకు నడుమ ఇక్కడ ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి. ఎందుకు అన్ని నెలలు పడుతుందో, ఆ వ్యవధిని ఎలా తగ్గించుకోవచ్చునో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా స్థలాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. కర్ణాటక ప్రభుత్వ రంగ సంస్థ కియోనిక్స్ 1978లో కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల పరిధిలోని 332 ఎకరాల భూమిలో ఎలక్ట్రానిక్ సిటీని ప్రారంభించింది. ఆ సంస్థ తొలి అధ్యక్షులు ఆర్.కె. బాళిగ దీనికి రూపకర్త. అప్పట్లో అది నగరం కాదు, నివాస ప్రాంతమూ కాదు. పరిశ్రమల పేట మాత్రమే. సాఫ్ట్‌వేర్ సంస్థలు వచ్చి, వాటి చుట్టూ ఇళ్ళు లేచిన తరువాతనే ఇక్కడ వంట పొగ కనబడటం మొదలయింది. 2010 జనవరిలో సిల్క్ బోర్డు నుండి ఎలక్ట్రానిక్ సిటీకి దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తైన వంతెన రహదారి, 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుండి బొమ్మసంద్రకు 19 కిలోమీటర్లకు పైబడిన మెట్రో పసుపు మార్గం ప్రారంభమయ్యాయి. ఊరి నుండి వచ్చిన పెద్దలు మెజస్టిక్‌లో దిగి ఆకుపచ్చ మార్గంలో ఆర్.వి. రోడ్డు దాకా, అక్కడ మారి పసుపు మార్గంలో ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఇప్పుడు ఒకరి సాయం లేకుండా చేరుకోగలుగుతున్నారు. చుట్టాలను భోజనానికి పిలిచే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. సిల్క్ బోర్డు కూడలిలో బస్సు కదలక చల్లారిపోయిన పప్పన్నాలు ఎన్నో!

ఇక ఇరుగుపొరుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 36 లక్షలు. అంటే రాష్ట్ర జనాభాలో దాదాపు 6 శాతం. ఎలక్ట్రానిక్ సిటీకి దక్షిణంగా అత్తిబెలె దాటితే తమిళనాడు, హోసూరు. అటు హోసూరు పల్లెల్లోను, ఇటు ఆనేకల్ పరిసరాల్లోను తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. కనుక కంప్యూటర్లతో పాటే తెలుగు ఇక్కడికి వచ్చిందనుకోవటం పొరపాటు. ఫ్లాటు మెట్లు తుడవటానికి వచ్చే ఆమె, కొబ్బరి బోండాలు అమ్మే అతను తెలుగులో బదులు చెప్పినప్పుడు కోస్తా జిల్లాలవారు ఆశ్చర్యపోతారు. సరిహద్దు వాసులకు అందులో వింత ఏమీ కనిపించదు.

ఆ కారణం చేతనే కూరగాయల బండి దగ్గర సరిహద్దు జిల్లాల వారిది పైచేయి అవుతుంది. కన్నడంలో చాలా మాటల మొదట ఉండవలసిన పకారం కొన్ని శతాబ్దాల క్రితమే హకారంగా మారింది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం అంగడి అర్థమవుతుంది. పాలు అక్కడ 'హాలు', పండు 'హణ్ణు', పువ్వు 'హూవు', పులుపు 'హుళి', పెసలు 'హెసరు'. చింతపండు వేసి కాచే పులుసుకు దగ్గర బంధువు కన్నడిగుల 'హుళి'. మిగిలిన మాటలు కొద్ది రోజుల్లో అలవాటవుతాయి: బియ్యం 'అక్కి', పెరుగు 'మొసరు', నెయ్యి 'తుప్ప', ఆకుకూర 'సొప్పు', వంకాయ 'బదనెకాయి', మునగకాయ 'నుగ్గెకాయి', పప్పు 'బేళె'. లిపి విషయంలోనూ తెలుగువారు అదృష్టవంతులు. కొద్దిపాటి శ్రద్ధతో వారం రోజులు అంగళ్ళ పేరు పలకలు కూడబలుక్కుంటూ నడిస్తే కన్నడ అక్షరాలు చాలావరకు పట్టుబడతాయి.

పోలికలే కాదు, ఉచ్చులు కూడా ఉన్నాయి. 'తిండి' అంటే కన్నడిగులకు ఉదయపు ఫలహారం. 'ఊట' అంటే భోజనం. "ఊట ఆయ్తా?" అని పక్కింటివారు అడిగినప్పుడు బావిలో నీటి ఊట గుర్తుకు వచ్చి తికమకపడిన కొత్త కోడళ్ళు లేకపోలేదు. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ఆనపకాయ. గోదావరి జిల్లాలవారికి ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు ప్రాంతం వారికి అనపకాయలంటే చలికాలంలో వచ్చే గింజల కాయలు, కన్నడిగుల 'అవరెకాయి'. ఆ గింజలను నానబెట్టి పై తొక్క వచ్చేలా పితికితే చిత్తూరులో పితికిన పప్పు, బెంగళూరులో 'హిదకిద బేళె'. మాట ఒకటే, పకారం హకారమైంది. వంట కూడా ఒకటే. బెంగళూరులో జనవరి మాసంలో ఈ గింజలకే ప్రత్యేకంగా ఒక మేళ జరుగుతుంది. ఆ దినాల్లో పితికిన పప్పు కూర, రాగిసంగటి పెట్టిన తెలుగు ఇంటిని కన్నడ పొరుగువారు పరాయి ఇల్లుగా చూడలేరు. రాయలసీమ సంగటి, కన్నడిగుల 'ముద్దె' అక్కాచెల్లెళ్ళ వంటివి. కలిపే తీరులో, బియ్యం చేర్చటంలో కొద్ది తేడా, అంతే.

అయితే భాష తెలిసినంత మాత్రాన పప్పు ఉడకదు. ఎలక్ట్రానిక్ సిటీలో కొత్త కాపురాలవారు మొదట ఎదుర్కొనే చిక్కు నీరు. ఎన్నో అపార్ట్‌మెంటు సముదాయాలు బోరు నీటి మీద, అది చాలనప్పుడు ట్యాంకర్ల మీద ఆధారపడతాయి. లోతైన బోర్ల నుండి వచ్చే నీటిలో సాధారణంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికం. ఇవి పప్పు గింజ కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థంతో కలిసి దానిని బిగిస్తాయి. ఫలితంగా ఎన్ని కూతలు వచ్చినా కందిపప్పు పలుకుగానే మిగిలిపోతుంది. ఈ వారం ఒక బోరు నీరు, వచ్చే వారం ఇంకొక బోరు నీరు ట్యాంకరులో వస్తాయి గనుక నిన్న మెత్తగా ఉడికిన పప్పే నేడు మొండికెత్తవచ్చు. పాపం, అత్తగారు పప్పును నిందిస్తారు. కోడలు కుక్కరును నిందిస్తుంది. దోషం నీటిది.

దీనికి ఉపాయం కష్టమైనది కాదు. పప్పును గంటసేపు నానబెట్టటానికి, ఉడికించటానికి శుద్ధి యంత్రం నీటినే వాడాలి. బియ్యం కడగటానికి, గిన్నెలు తొలచటానికి మామూలు నీరు చాలు. చింతపండు పులుసు, టమాటా పప్పు ఉడికిన తరువాతనే చేర్చాలి, ఎందుకంటే పులుపు కూడా గింజను మెత్తబడనీయదు. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. పప్పు ఉడుకుతుంది కాని అందులోని బి1 విటమిను చాలావరకు నశిస్తుంది, రుచి కూడా సబ్బు వాసన కొడుతుంది. నిత్యం సోడాను ఆశ్రయించటం మంచి పద్ధతి కాదు. శుద్ధి యంత్రం వదిలివేసే నీటిని బకెట్టులో పట్టి నేల తుడవటానికి వాడుకొనే ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. 2024 మార్చిలో బెంగళూరు నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా విధించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విందు చేసేవారు నీటిని ముందే లెక్కవేసుకోవాలన్నది ఆనాటి నుండి అందరికీ తెలిసివచ్చింది. అరిటాకుల్లో వడ్డించటం ఆచారం మాత్రమే కాదు, ముప్పై కంచాలు కడిగే నీటిని మిగుల్చుకొనే మార్గం కూడా.

రెండవ చిక్కు ఎత్తు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. నెల్లూరులో, విజయవాడలో 100 డిగ్రీల వద్ద మరిగే నీరు ఇక్కడ 97 డిగ్రీల వద్దనే మరిగిపోతుంది. మూడు డిగ్రీలే గదా అనిపించవచ్చు. కాని మూత తీసిన గిన్నెలో అన్నం, శనగలు, దుంపలు ఉడకటానికి మరికొన్ని నిమిషాలు, మరికాస్త నీరు కావాలి. హోసూరు కూడా ఇంచుమించు ఇదే ఎత్తున ఉన్నది గనుక అక్కడివారికి ఈ తేడా తెలియదు. కోస్తా నుండి వచ్చిన తల్లి మాత్రం "మన బియ్యమే తెచ్చాను, అన్నం ఇలా పలుకైందేమిటి" అని చింతిస్తుంది. ప్రెషర్ కుక్కరులో ఒత్తిడిని మనమే పెంచుతాము గనుక లోపలి వేడి 115 నుండి 120 డిగ్రీల దాకా చేరుతుంది. అందువలన కుక్కరు వంటకు ఎత్తు అడ్డు కాదు. తెరిచిన పాత్రలో గంజి వార్చే అన్నానికి మాత్రం ఓపిక పట్టాలి.

చలిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరులో ఉష్ణోగ్రత 16 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవులు 40 డిగ్రీల ప్రాంతంలో చురుకుగా ఉంటాయి. ఊళ్ళో రాత్రి తోడువేస్తే తెల్లవారేసరికి గడ్డకట్టే పెరుగు ఇక్కడ మధ్యాహ్నానికి కూడా జావగానే ఉంటే ఆశ్చర్యం లేదు. గోరువెచ్చని పాలలో తోడు కొంచెం ఎక్కువ వేసి, వేడి నిలిపే మూత డబ్బాలో గాని, పాత దుప్పటి చుట్టి గాని ఉంచాలి. ఇడ్లీ పిండికీ ఇదే వైద్యం. చలికాలంలో విందు ఉంటే పిండిని ముందు రోజు సాయంత్రం కాక ఉదయమే రుబ్బుకోవటం క్షేమం.

బియ్యం సంగతి చెప్పకపోతే తెలుగువారి వంట వ్యాసం అసంపూర్తి అవుతుంది. ఊరి నుండి బస్తాలు మోసుకొని వచ్చేవారు ఇంకా ఉన్నారు. అంత శ్రమ అక్కరలేదు. బాపట్ల పరిశోధన కేంద్రం నుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఆంధ్ర సరిహద్దులు దాటి చాలా దూరం ప్రయాణించింది. బెంగళూరు అంగళ్ళలో సోనా మసూరి పేరిట అమ్మే సన్న బియ్యంలో అధిక భాగం గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాలది. తుంగభద్ర ఆనకట్ట నుండి 1953లో నీరు పారటం మొదలైన తరువాత కోస్తా జిల్లాల రైతులు ఆ ప్రాంతానికి తరలివెళ్ళి పొలాలు కొని స్థిరపడ్డారు. వారి ఊళ్ళను నేటికీ 'క్యాంపు' లనే పిలుస్తారు. అంటే ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లాటులో ఉడికే కన్నడ బియ్యం కొంతవరకు తెలుగు చేతులు పండించినదే. కొనేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడగటం మరువరాదు: కొత్త బియ్యమా, పాతవా? కొత్త బియ్యం ముద్ద కడుతుంది. సంవత్సరం నిలవ ఉన్న బియ్యం నీరు ఎక్కువ పీల్చి పొడిపొడిగా ఉడుకుతుంది. పులిహోరకు, అదే మన సీమలోను కన్నడంలోను చిత్రాన్నానికి, పాత బియ్యమే శ్రేష్ఠం.

మిరపకాయ విషయంలో జాగ్రత్త వహించాలి. హావేరి జిల్లా బ్యాడగి మిరప ముడతలు పడి, ముదురు ఎరుపు రంగులో కన్నుల పండువుగా ఉంటుంది. కారం మాత్రం స్వల్పం. దానితో ఆవకాయ పెడితే చూపులకే ఆవకాయ. అదే గుంటూరు మిరపతో కన్నడ స్నేహితులకు సారు కాచి పెడితే వారు మంచినీళ్ళ చెంబును వదలరు. రెండింటినీ సగం సగం కలిపి కారం పట్టించుకొనే ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. ఇది చక్కని ఏర్పాటు. గోంగూరను ఉత్తర కర్ణాటకవారు 'పుండి సొప్పు' అంటారు, తమిళ వ్యాపారులు 'పుళిచ్చకీరై' అంటారు. నాలుగు భాషలు వినిపించే ఈ పేటలో గోంగూర అన్నా అర్థం చేసుకొనేవారికి కొదువలేదు.

పొయ్యి, గ్యాసు గురించి క్లుప్తంగా చెప్పుకొందాం. వేరే ఊరి నుండి వచ్చేవారు పాత చోట సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, వోచరు తీసుకొని, ధరావతు సొమ్ము వెనక్కు పొంది, ఆ కాగితాలతో ఇక్కడి పంపిణీదారు వద్ద కొత్తగా నమోదు కావాలి. ఆ నడుమ కాలానికి గుర్తింపు పత్రం చూపితే దొరికే 5 కిలోల చిన్న సిలిండరు అక్కరకు వస్తుంది. నగరంలో కొన్ని సముదాయాలకు గొట్టాల ద్వారా కూడా గ్యాసు వస్తున్నది. విద్యుత్ ఇండక్షన్ పొయ్యి మీద గుండ్రటి అడుగు మూకుడు పనికిరాదు, ఇత్తడి గిన్నె వేడెక్కదు. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెలో పాలు పొంగించాలనుకొనేవారు ఈ సంగతి ముహూర్తానికి ముందే చూసుకోవాలి.

అద్దె ఇంటివారు మరొక సంగతి గమనించాలి. ఇక్కడ ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకే రాసుకుంటారు. ఏడాదికి మించిన కౌలు పత్రానికి 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావటమే దీనికి కారణం. అడ్వాన్సు పది నెలల అద్దె దాకా అడిగే అలవాటు నగరంలో చాలాకాలం నడిచింది. ఇంత సొమ్ము చేతిలో పెట్టిన తరువాత 'మాంసం వండరాదు' అన్న షరతు బయటపడితే కుటుంబం ఇరకాటంలో పడుతుంది. ఆదివారం కోడికూర వాసన వచ్చిందని యజమాని తలుపు తట్టిన ఇళ్ళు, పండగకు వచ్చిన తమ్ముడికి చేపల పులుసు పెట్టలేక హోటలుకు తీసుకువెళ్ళిన అక్కలు ఈ పేటలో తక్కువేమీ కాదు. తన ఇంట్లో తన తోబుట్టువుకు ఇష్టమైనది వండి పెట్టలేకపోవటం మాటల్లో చెప్పలేని అవమానం. యజమాని నియమం యజమానిది. దానిని దాచిపెట్టి అడ్వాన్సు తీసుకోవటం మాత్రం న్యాయం కాదు. అద్దెకు వచ్చేవారు ఇంటి వాస్తు కన్నా ముందు ఈ ప్రశ్న అడగటం మేలు.

ఇక గృహప్రవేశం. గోవును ముందుగా ఇంట్లోకి నడిపించే ఆచారం తొమ్మిదవ అంతస్తులో ఎలా సాగుతుంది? కొందరు సముదాయం ముంగిట గోపూజ చేసి, పైకి వెండి గోవు ప్రతిమను తీసుకువెళుతున్నారు. లిఫ్టులో ఆవును ఎక్కించే సాహసం ఆవుకూ, మనుషులకూ మంచిది కాదు. హోమం చేసేవారు నిర్వాహకులకు ముందే తెలపాలి. పైకప్పుకు అమర్చిన పొగ సూచికలు హోమ ధూమానికి గంట మోగించవచ్చు. నీళ్ళు చిమ్మే గొట్టాల సంగతి వేరు. అవి పొగకు కాక వేడికి స్పందిస్తాయి. వాటి మొన వద్ద ఉండే ఎర్రని గాజు గొట్టం సాధారణంగా 68 డిగ్రీల వద్ద పగులుతుంది. కనుక హోమగుండాన్ని దాని కింద సరిగ్గా ఉంచరాదు. పాలు పొంగించటానికి ఇక్కడ అందరికీ అందేది కర్ణాటక పాల సమాఖ్య నందిని పాలే. ముచ్చట ఏమిటంటే, ఇదే పేరును పోలిన పేరు గల ఆంధ్ర భోజన హోటళ్ళు కూడా నగరంలో ప్రసిద్ధం. పేరు విషయమై పాల సమాఖ్యకు, ఆ హోటళ్ళ యాజమాన్యానికి నడిచిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2018 జులైలో హోటళ్ళకు అనుకూలంగా పరిష్కరించింది. పాలు ఒకరివి, పప్పన్నం మరొకరిది, వాడుకరులు పొరబడరని న్యాయస్థానం భావించింది.

విందు విషయానికి వస్తే, కొత్త కాపురంవారు చేసే మొదటి తప్పు గొప్పకు పోవటం. ఇరవై రకాలు తలపెట్టి, పన్నెండు గంటలకు ఆరు పూర్తి చేసి, మూడు గంటలకు చుట్టాలను ఆకలితో కూర్చోబెట్టిన విందుల కన్నా ముద్దపప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, ఒక పచ్చడి, చిత్రాన్నం, గట్టి పెరుగు, ఓళిగలతో ముగించిన విందు వెయ్యి రెట్లు నయం. ముప్పై మందికి మూడు నుండి మూడున్నర కిలోల బియ్యం, కిలో కందిపప్పు, నాలుగు లీటర్ల పెరుగు పెద్దలు వేసే లెక్క. చిత్రాన్నం ఉంటే తెల్లన్నం ఆ మేరకు తగ్గించుకోవచ్చు. ఇంట్లో ఉండే 5 లీటర్ల కుక్కరులో ఒక్కసారికి కిలోకు మించి బియ్యం పెట్టరాదు. ఆవిరికి చోటు లేకపోతే ప్రమాదం. పెద్ద తప్పేల ఇంటి పొయ్యి మీద పెట్టినా నిలకడగా నిలవదు. మరి దారి ఏమిటి? మూడు ఇళ్ళ నుండి మూడు కుక్కర్లు అడిగి తెచ్చుకోవటం! ఇది లోపం కాదు, లాభం. అప్పటిదాకా లిఫ్టులో తల పంకించి ఊరుకున్న పొరుగువారు కుక్కరు ఇచ్చిన రోజున పేర్లు చెప్పుకొంటారు. కుక్కరు ఇచ్చినవారిని భోజనానికి పిలవకుండా ఉండలేరు గదా. పిలుపు కూడా సులభం: "బన్ని, ఊట మాడి" అంటే చాలు. పంక్తిలో మగవారు వడ్డనకే గాక, కూరలు తరగటానికి కూడా ముందు రోజు రాత్రే కూర్చుంటే ఇంటి ఇల్లాలికి కూడా అతిథులతో మాట్లాడే తీరిక దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళే ఇళ్ళు ఎక్కువ గనుక ఇది దయాదాక్షిణ్యం కాదు, అవసరం.

వడ్డించే వరుసలో తేడాలు ఉంటాయి. తెలుగువారు పప్పు, నెయ్యితో మొదలుపెడతారు. కొన్ని కన్నడ ఇళ్ళలో కొద్దిగా పాయసం, తరువాత కోసంబరి వడ్డించి, సారు ముందు, హుళి వెనుక తెస్తారు. కోసంబరి ఏమిటో అని కంగారుపడనక్కరలేదు. శ్రీరామనవమి నాడు పానకంతో పాటు పంచే మన వడపప్పుకు కొబ్బరి, దోసకాయ ముక్కలు, తిరగమోత చేరితే అదే కోసంబరి.

అతిథుల రాక గురించి ఒక మాట. సముదాయం ముఖద్వారం వద్ద కాపలాదారు ఆపి, ఫోనులో అనుమతి వచ్చేదాకా నిలబెడితే ఊరి నుండి వచ్చిన పెదనాన్నగారికి కష్టం కలుగుతుంది. తలుపు ఎప్పుడూ తీసి ఉండే ఇంటి మనిషి ఆయన. అందుచేత అతిథుల పేర్లు ఉదయమే నమోదు చేయించి, పెద్దవారు వచ్చే వేళకు ఇంటి నుండి ఒకరు కిందికి దిగి గేటు దగ్గర ఎదురు నిలవాలి. వంట ఎంత రుచిగా ఉన్నా గేటు దగ్గర మొదలైన నొప్పి భోజనంతో పోదు.

అన్నం పెట్టటానికి, ఈ నగరం పేరుకు కూడా సంబంధం ఉన్నదని చెప్పే కథ ఒకటి బహుళ ప్రచారంలో ఉన్నది. వేటలో దారి తప్పిన హొయసల రాజు వీర బల్లాళునికి ఒక ముసలి అవ్వ ఉడికిన గింజలు పెట్టి ఆకలి తీర్చిందనీ, ఆ 'బెంద కాళు' పేరుననే 'బెందకాళూరు' వెలిసిందనీ అంటారు. కథ మనోహరమే కాని చరిత్రకు నిలవదు. రెండవ బల్లాళుడు ఏలినది 12వ శతాబ్ది చివర, 13వ శతాబ్ది మొదట. ఎలక్ట్రానిక్ సిటీకి కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగూరులో సుమారు 890 నాటి శాసనంలోనే బెంగళూరు పేరు, అక్కడ జరిగిన ఒక యుద్ధం ప్రస్తావన కనిపిస్తున్నాయి. పేరు రాజు కన్నా పాతది. అయినా జనం శాసనాన్ని వదిలి అవ్వ పెట్టిన గింజలనే చెప్పుకొంటూ వచ్చారు. ఆ గింజలు అవరెకాళ్ళేనని వాదించేవారూ ఉన్నారు.

కొత్త కాపురానికి పరీక్ష వంటి దినాలు ఏడాదిలో రెండు. ఒకటి ఉగాది. ఆ రోజున రెండు భాషల ఇళ్ళకూ ఒకే పండగ. కన్నడిగులు బేవు బెల్లం, అనగా వేపపూత బెల్లం, పంచుతారు. తెలుగువారు ఆరు రుచుల పచ్చడి చేస్తారు. మన బొబ్బట్టు, ఓళిగ వారి 'ఒబ్బట్టు', 'హోళిగె'. ఓళిగ పప్పు ఉడికించిన కట్టుతో రెండు ఇళ్ళలోనూ చారు కాస్తారు. రెండవది సంక్రాంతి. ఆనాడు కన్నడ పొరుగువారు నువ్వులు, బెల్లం ముక్కలు, వేరుశనగలు, వేయించిన శనగపప్పు, ఎండుకొబ్బరి కలిపిన 'ఎళ్ళు బెల్ల'ను చెరుకు ముక్కతో సహా గిన్నెలో పెట్టి ఇంటింటికీ పంపుతారు. ఇచ్చినవారి గిన్నె ఖాళీగా తిరిగి పంపకపోవటం రెండు వైపులా ఉన్న మర్యాదే. అందులో తెలుగు ఇళ్ళ నుండి సాధారణంగా వెళ్ళేవి అరిసెలు. పాకం ముదిరిన అరిసెలైనా పొరుగువారు వంక పెట్టకుండా తీసుకుంటారు.